ఆపరేషన్ డాక్టరుది, ఆ తర్వాత పదిహేను రోజులు మీవి

పశువుకు కుట్లు పడ్డాక ఇంటి దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు

గేదె కడుపులో దూడ అడ్డం తిరిగింది, డాక్టరు పొట్ట కోసి దూడను తీశారు. ఆవు నాలుగు రోజులుగా మేత ముట్టలేదు, పొట్ట తెరిస్తే ప్లాస్టిక్ సంచులు, మేకులు, తీగముక్కలు బయటపడ్డాయి. ఎద్దుకు కొమ్ము లోపల కాన్సర్ వచ్చింది, మొదలుకంటా కోసేశారు. పెయ్యదూడకు బొడ్డు దగ్గర పేగు జారింది, లోపలికి నెట్టి కుట్టారు. ఇలాంటి ఆపరేషన్లు మన పశువైద్యశాలల్లో జరుగుతూనే ఉంటాయి. గంటా రెండు గంటల్లో పని అయిపోతుంది. డాక్టరు చేతులు కడుక్కుని మందుల చీటీ రాసిస్తారు. మీరు పశువును తోలుకుని ఇంటికొస్తారు.

అసలు పని అప్పుడే మొదలవుతుంది. డాక్టరు పశువును చూసేది ఆ రెండు గంటలే. కుట్లు విప్పేదాకా పది పద్నాలుగు రోజులు అది ఉండేది మీ కొట్టంలో, మీ పేడ మధ్య, మీ ఈగల మధ్య. ‘ఆపరేషన్ బాగానే జరిగింది, పశువే దక్కలేదు’ అనే మాట పల్లెల్లో అప్పుడప్పుడూ వింటుంటాం. చాలాసార్లు లోపం కత్తిలో ఉండదు, ఆ తర్వాతి రోజుల్లో ఉంటుంది. ఒక్క గేదె మీద ఇల్లు గడిచే చిన్న రైతుకు ఈ పదిహేను రోజులు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. అదృష్టం ఏమిటంటే, ఈ రోజుల్లో చేయాల్సిన పనుల్లో ఖరీదైనవి తక్కువ. శ్రద్ధగా చేయాల్సినవే ఎక్కువ.

వినేది ఒకరు, చేసేది ఒకరు

ముందుగా ఒక సంగతి. పశువును ఆస్పత్రికి తీసుకెళ్లేది సాధారణంగా మగవాళ్లు. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు వినేదీ వాళ్లే. ఇంటికొచ్చాక పేడ తీసేది, మేత వేసేది, పాలు పిండేది, కుట్లు తుడిచేది మాత్రం ఆడవాళ్లు. మధ్యలో సగం మాటలు దారిలోనే పోతాయి. ‘ఏదో ఎర్రమందు రాయమన్నారు’ అన్నంతవరకే ఇల్లు చేరుతుంది.

కాబట్టి వీలైతే పశువును చూసుకునే మనిషిని కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి. వీలుకాకపోతే నాలుగు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాయించుకోండి. ఏ మందు, ఎన్ని రోజులు? మేత, నీళ్లు ఎప్పటి నుంచి పెట్టాలి? పాలు ఎన్ని రోజులు వాడకూడదు? కుట్లు ఏ తేదీన విప్పుతారు? ఆ కాగితాన్ని కొట్టంలో కంటికి కనిపించేచోట పెట్టుకోండి.

కోత ఎలా మానుతుంది?

పొట్ట పక్కన కోసినప్పుడు కోత పడేది తోలుకు ఒక్కదానికే కాదు. దాని కింద కండ పొరలు ఉంటాయి, వాటి కింద పొట్ట లోపలి పలచటి పొర ఉంటుంది. డాక్టరు లోపలి నుంచి ఒక్కో పొరనూ కుట్టుకుంటూ వస్తారు. లోపలి కుట్లకు వాడే దారం చాలావరకు దానంతట అదే కరిగిపోయే రకం. పైన తోలుకు వేసేది పట్టుదారమో నైలాన్ దారమో. అది కరగదు. విప్పాల్సిందే.

మొదటి మూడు నాలుగు రోజులు కోత చుట్టూ కాస్త వాపు ఉంటుంది. చేయి పెడితే కొంచెం వెచ్చగా తగులుతుంది. మొదటి రోజు ఒకటి రెండు చుక్కలు పలచటి నెత్తురు నీరు కారవచ్చు. ఇదంతా మామూలే, కంగారు పడొద్దు. నాలుగో రోజు దాటాక వాపు తగ్గుతూ రావాలి. పది పద్నాలుగు రోజులకు తోలు అంచులు కలిసిపోతాయి. అయితే పైన కలిసిందని లోపల గట్టిపడినట్టు కాదు. కండ పొరలకు పూర్తి బలం రావడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. తోలు మానగానే నాగలి కట్టడం ఎందుకు తప్పో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మొదటి రోజు

పొట్ట పక్కన చేసే ఆపరేషన్లు చాలావరకు పశువును నిలబెట్టే, ఆ భాగం మొద్దుబారేలా సూదులు వేసి చేస్తారు. కొన్నిసార్లు మత్తు సూది కూడా ఇస్తారు. మత్తు ఇచ్చిన పశువుకు పూర్తిగా తెలివి వచ్చి, గట్టిగా నిలబడేదాకా మేత గానీ నీళ్లు గానీ పెట్టకూడదు. మింగే శక్తి లేనప్పుడు పెడితే పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పశువు పడుకుంటే ఒక పక్కకు వాలిపోనివ్వొద్దు. కాళ్లు కిందికి మడుచుకుని, రొమ్ము మీద ఆనుకుని పడుకునేట్టు చూడాలి. రెండు పక్కలా గడ్డి కుక్కిన గోనెసంచులు ఆనిస్తే సరిపోతుంది. పక్కకు వాలి చాలాసేపు పడుకుంటే పొట్ట ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. ట్రాలీలోనో ఆటోలోనో తీసుకొచ్చేటప్పుడు కింద మందంగా గడ్డి పరచండి. కోత ఉన్న పక్క చెక్కకు రాసుకోకుండా చూడండి. ఒక మనిషి తల దగ్గర ఉండాలి.

కొట్టం పొడిగా ఉండాలి

కోతకు మొదటి శత్రువు తడి. పేడ, మూత్రం కలిసిన బురదలో పశువు పడుకుంటే ఆ మురికి నేరుగా కుట్ల సందుల్లోకి పోతుంది. ఎంత మంచి మందు వాడినా ఇక లాభం లేదు.

ఆపరేషన్ అయిన పశువును మిగతా వాటి నుంచి విడిగా కట్టండి. పక్క పశువు నాకినా, కొమ్ముతో పొడిచినా కుట్లు తెగుతాయి. కింద పొడి వరిగడ్డి పరిచి, తడిసినంత మేరకు ఎప్పటికప్పుడు తీసేయండి. పూర్తిగా రోజుకొకసారి మార్చాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే పొడి మట్టి పోసి సర్దండి. నున్నటి బండల మీద కట్టొద్దు, జారితే కుట్లు పట్టు వదులుతాయి. పేడ రోజుకు నాలుగైదుసార్లు తీయాల్సి వచ్చినా విసుక్కోవద్దు. వానాకాలమైతే చూరు నీళ్లు పడనిచోట కట్టాలి. కోళ్లను, కుక్కలను దగ్గరికి రానివ్వొద్దు. అన్నిటికంటే కాకులతో జాగ్రత్త. ఆరుబయట కట్టిన పశువు వీపు మీద వాలి కోతను పొడిచి పుండు చేస్తాయి. పగలు పాక కిందే ఉంచండి.

గేదెను చెరువులోకి దించొద్దు

ఆవుల కంటే గేదెలతో ఇబ్బంది ఇక్కడే. గేదె ఎండకు ఆగలేదు. పలుపు విప్పితే చాలు, నీళ్లగుంటలోకి పోయి పడుకుంటుంది. కుట్లున్న గేదె ఒక్కసారి చెరువులోకి దిగినా మురికినీరు కోతలోకి దిగుతుంది. కుట్లు విప్పి, ఆ చోటు పూర్తిగా ఆరేదాకా చెరువు, గుంట, కాలువ ఏదీ వద్దు.

మరి ఎండను ఎలా తట్టుకుంటుంది? నీడన కట్టండి. తల మీద, మెడ మీద తడి గోనె వేయండి. నీళ్లు కారి కోత వైపు రాకుండా గోనెను బాగా పిండి వేయాలి. తాగేందుకు చల్లటి నీళ్లు దగ్గరలో పెట్టండి. గేదెను కడగాలనిపిస్తే కోత లేని పక్క తడిగుడ్డతో తుడవడమే. మోటారు పైపుతో నీళ్లు కొట్టడం అసలే వద్దు.

కుట్లు శుభ్రం చేసే పద్ధతి

పొట్ట పక్కన వేసిన కుట్లకు చాలాసార్లు కట్టు కట్టరు. అక్కడ కట్టు నిలవదు కూడా. మందు రాసి గాలికి వదిలేస్తారు. కాలికి, కొమ్ముకు మాత్రం కట్టు కడతారు. కట్టు కట్టింది డాక్టరైతే, ఎప్పుడు విప్పాలో, ఎన్ని రోజులకు మార్చాలో చెప్పేదీ డాక్టరే. ‘చూద్దాం, ఎలా ఉందో’ అని మధ్యలో విప్పొద్దు. కట్టు తడిసినా, పేడ అంటినా, జారినా, చెడువాసన వచ్చినా మాత్రం చెప్పిన రోజు దాకా ఆగకుండా మార్పించాలి. కాలి కట్టు కింద గిట్ట పైభాగం వాచినా, చల్లబడినా కట్టు బిగుతైనట్టు లెక్క. వెంటనే చూపించండి.

కట్టు లేని కుట్లను రోజుకొకసారి, లేదా డాక్టరు చెప్పినన్నిసార్లు ఇలా శుభ్రం చేయాలి.

మొదట పశువును కదలకుండా కట్టి, తల దగ్గర ఒకరు నిలబడాలి. మీ చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. లీటరు నీళ్లలో రెండు చిన్న చెంచాలకు కాస్త తక్కువగా, అంటే సుమారు 9 గ్రాముల ఉప్పు వేసి, బాగా తెర్లించి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లార్చాలి. శుభ్రమైన గాజుగుడ్డను అందులో ముంచి పిండి, కుట్ల మీద మెల్లగా అద్దాలి. రుద్దకూడదు. కుట్ల దగ్గర మొదలుపెట్టి బయటికి తుడవాలి గానీ, బయటి మురికిని కుట్ల మీదికి తేకూడదు. ఒకసారి తుడిచిన గుడ్డను మళ్లీ నీళ్లలో ముంచొద్దు. ఇంకో ముక్క తీసుకోండి. దూది కంటే గాజుగుడ్డ మేలు, దూది పోగులు కుట్లకు చిక్కుకుంటాయి. తర్వాత పొడి గుడ్డతో అద్ది, డాక్టరు ఇచ్చిన మందు పలచగా రాయాలి. సాధారణంగా పోవిడోన్ అయోడిన్ అనే ఎర్రమందు ఇస్తారు.

పొడిగా, శుభ్రంగా ఉన్న కోతను మరీ ఎక్కువగా ముట్టుకోవద్దు. కుట్ల మీద కట్టిన పలచటి పొక్కును గీకొద్దు. దాని కిందే కొత్త తోలు వస్తుంటుంది.

ఇవి పూయొద్దు

కోతను చూడగానే ఇరుగుపొరుగు తలా ఒక వైద్యం చెబుతారు. మంచికోరే చెబుతారు గానీ వాటితో చెరుపే ఎక్కువ.

బూడిద, పేడ, మట్టి: వీటిలో ధనుర్వాతం తెచ్చే క్రిములు ఉంటాయి. కుట్ల మీద ఇవి పడితే చేతులారా జబ్బును లోపలికి పంపినట్టే.

పసుపు, కాఫీపొడి, సున్నం: పొడి కుట్ల సందుల్లో పేరుకుని దుమ్మును పట్టి ఉంచుతుంది. పైగా పసుపు పూసిన కోత ఎర్రబడిందో, చీము పట్టిందో కంటికి కనపడదు. కనపడకపోవడమే పెద్ద ప్రమాదం. సున్నం కొత్త తోలును కాల్చేస్తుంది.

కిరసనాయిలు, ఇంజన్ ఆయిలు, బ్యాటరీ నల్లపొడి: ఇవి తోలును కాలుస్తాయి, మానే కోతను మళ్లీ పుండు చేస్తాయి.

పురుగుమందులు: చేలో చల్లగా మిగిలిన పొడినో, నీళ్లమందునో కోత మీద వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. తోలు తెగినచోట విషం నేరుగా నెత్తురులోకి పోతుంది. పశువు నాకితే కడుపులోకి పోతుంది. పాలలోకీ వస్తుంది. ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు.

స్పిరిట్, నురగ వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి కూడా మానుతున్న కోత మీద రోజూ పోయకూడదు. క్రిములతోపాటు కొత్త కండనూ అవి దెబ్బతీస్తాయి.

ఈగలు, పురుగులు

కోత మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోపే పురుగులు బయటికి వస్తాయి. అవి కండను తింటూ లోపలికి పోతాయి. అందుకే ఉదయం, సాయంత్రం వెలుతురులో కోతను దగ్గరగా చూడాలి. కుట్ల సందుల్లో బియ్యపు నూకల్లా తెల్లగా కనిపిస్తే అవి ఈగ గుడ్లు. వెంటనే శుభ్రం చేసేయాలి.

ఈగలు రాకుండా కోత చుట్టూ, కోతకు బెత్తెడు దూరంలో వేపనూనె రాయవచ్చు. కుట్ల మీద కాదు, చుట్టూ మాత్రమే. డాక్టరు ఈగలు వాలని మందు ఇస్తే అది ఇంకా మేలు. సాయంత్రం వేపాకు పొగ వేయండి, కానీ పశువు ఉక్కిరిబిక్కిరి కాకూడదు. పేడకుప్ప కొట్టానికి దూరంగా ఉండాలి. దోమతెర ఉంటే రాత్రుళ్లు కట్టండి.

పురుగులు పడితే డాక్టరును పిలవాల్సిందే. పురుగులు బయటికి రావడానికి టర్పెంటైన్ నూనె వాడతారు గానీ, అది పురుగుల బొరియల్లో పెట్టే మందు. పురుగులు లేని మంచి కుట్ల మీద రాస్తే మంట పుట్టి వాస్తుంది. ‘పురుగు పడకుండా ముందే రాద్దాం’ అనుకోవద్దు.

నాకకుండా చూడండి

పశువు నాలుక గరుకు. మానేటప్పుడు కోత దురద పెడుతుంది, పశువు మెడ తిప్పి నాకుతుంది, గోడకు రాసుకుంటుంది. రెండు రోజులు నాకితే కుట్లు ఊడతాయి. పలుపును కాస్త కురచగా కట్టండి. లేచి పడుకోవడానికి, మేత అందుకోవడానికి మాత్రం వీలుండాలి. మేత తిననప్పుడు మూతికి చిక్కం తగిలించవచ్చు. ఇంకా నాకుతుంటే మెడ చుట్టూ చేతికర్రంత వెదురు ముక్కలను నిలువుగా పేర్చి, పైనా కిందా తాడుతో అల్లి కట్టండి. మెడ పక్కకు తిరగదు. కర్రల చివరలు గుచ్చుకోకుండా గుడ్డ చుట్టాలి.

కొమ్ము కోసిన ఎద్దుకు

పెద్ద పశువుల్లో కొమ్ము లోపలి గుల్ల నుదుటి ఎముకలో ఉన్న గాలి గదితో కలిసి ఉంటుంది. కొమ్ము మొదట్లో కోస్తే ఆ గది తెరుచుకుంటుంది. అందులోకి వాననీరు గానీ దుమ్ము గానీ ఈగ గానీ పోతే తల లోపలే చీము పడుతుంది. అందుకే ఆ కట్టు తడవకూడదు. వానలో కట్టేయొద్దు, తల మీద నీళ్లు పోయొద్దు. లోతైన గాటిలో మేత వేస్తే తల దించినప్పుడు కట్టు రాసుకుంటుంది. కొన్నాళ్లు తట్టలో వేయండి. ఒక ముక్కు నుంచి చీము కారినా, పశువు తల ఒక పక్కకు వంచి నిలబడినా, నుదురు మీద తడితే బాధపడినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

మేత, నీళ్లు

పొట్ట తెరిచి ప్లాస్టిక్, మేకులు తీసిన పశువుకు డాక్టరు చెప్పినప్పటి నుంచే మేత మొదలుపెట్టాలి. మొదట కొంచెం కొంచెంగా లేత పచ్చిగడ్డి, విడతలు విడతలుగా గోరువెచ్చటి నీళ్లు. తర్వాత మెత్తటి ఎండుగడ్డి. దాణా చివర, అదీ రోజురోజుకూ కాస్త పెంచుకుంటూ పోవాలి. ‘ఇన్నాళ్లు పస్తుంది, పాపం’ అని గంపెడు తవుడు, జొన్నపిండి, మిగిలిన అన్నం పెడితే కడుపులో పులిసి ఆపరేషన్ చేసిన పశువు అజీర్తితో పోతుంది. పశువు నెమరు వేయకపోతే ఆరోగ్యంగా ఉన్న పశువు కడుపులోని ద్రవాన్ని తీసి దీనికి ఇవ్వవచ్చు. అది డాక్టరు చేయాల్సిన పని.

తినని పశువుకు గొట్టంతో గంజి, కషాయం బలవంతంగా పోయకండి. పొలమారితే ఊపిరితిత్తులు చెడతాయి. మేత ముట్టిందా, నెమరు వేసిందా, పేడ వేసిందా అని రోజూ చూసుకోవాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు.

పొట్ట కోసి దూడను తీసిన గేదెకు

తల్లి ఎలా ఉన్నా దూడకు జున్నుపాలు ఆగకూడదు. పుట్టిన గంటా రెండు గంటల్లోపే మొదటిసారి పట్టాలి. మొదటి రోజు మొత్తానికి దూడ బరువులో పదో వంతు లెక్క. 30 కిలోల దూడకు 3 లీటర్లు, మూడు నాలుగు విడతలుగా ఇవ్వాలి. కోత పొదుగుకు దగ్గరగా ఉంటే దూడను నేరుగా వదలొద్దు. పాలు చేపడానికి అది తలతో పొడుస్తుంది, ఆ పోటు కుట్ల మీద పడుతుంది. చేత్తో పిండి గిన్నెలో పట్టండి. పాలు పిండేవాళ్లు కూడా కోత లేని పక్కన కూర్చోవాలి.

మాయ పడలేదని చేత్తో లాగడం, దానికి రాయి కట్టడం చేయొద్దు. 12 గంటలు దాటినా పడకపోతే డాక్టరుకు చెప్పండి. మళ్లీ ఎదకు వచ్చినా తొందరపడి సూది వేయించొద్దు. కనీసం రెండు మూడు నెలలు ఆగి, గర్భసంచి ఎలా ఉందో డాక్టరు చూశాకే వేయించాలి.

మందులు, పాలు

క్రిములను చంపే సూదులు చీటీలో ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వేయించాలి. రెండో రోజుకే మేత తింటోందని ఆపేస్తే సగం చచ్చిన క్రిములు మళ్లీ తిరగబెడతాయి. ఈసారి ఆ మందుకు లొంగవు. సాలీసరిపోతుందిలే అని మనుషుల మాత్రలు నూరి కోత మీద చల్లడం కూడా తప్పు.

నొప్పి సూది విషయంలో ఒక జాగ్రత్త. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఆ మందు వేసిన పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. దేశంలో రాబందులు దాదాపు కనుమరుగు కావడానికి ఇదే ముఖ్య కారణం. అదే కారణంతో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను కూడా 2023లో పశువులకు నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉంది. మనుషుల మందుల షాపులో చవకగా దొరికింది కదా అని ఏదో ఒకటి తెచ్చి వేయించొద్దు.

మందులు వాడుతున్నన్నాళ్లు, ఆపాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు అమ్మకూడదు, ఇంట్లో తాగకూడదు. కాచినా ఆ మందు పూర్తిగా పోదు. అలాంటి పాలు సరిగా తోడుకోకపోవడం మీలో కొందరు చూసే ఉంటారు. పెరుగు తోడుకోవడానికి కావాల్సిన క్రిములను కూడా ఆ మందు చంపేయడమే కారణం. నాలుగు రోజుల పాల డబ్బులు పోతాయన్నది నిజమే. కానీ ఆ పాలు కేంద్రంలో కలిస్తే ఊరందరి పాలూ చెడతాయి.

ఎప్పుడు డాక్టరును పిలవాలి?

ఇంట్లో ఒక జ్వరం కొలిచే థర్మామీటరు పశువుల కోసమే విడిగా ఉంచుకోండి. పశువు పేడ వేసే దారిలో పెట్టి చూడాలి. ఆవు, గేదెల మామూలు వేడి 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. 103 దాటితే కబురు చేయండి. కింది గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా ఆగొద్దు.

- నాలుగో రోజు తర్వాత వాపు తగ్గకుండా పెరుగుతుండటం, కోత చుట్టూ వేడి
- చీము, చెడువాసన
- కుట్టు తెగి అంచులు విడిపోవడం, నెత్తురు ఆగకుండా కారడం
- కోత దగ్గర మెత్తటి ఉబ్బు రావడం, నొక్కితే లోపలికి పోవడం. లోపలి కుట్లు వదిలి పేగు తోలు కిందికి వచ్చి ఉండవచ్చు
- తోలు కింద నొక్కితే చిటపటమనడం
- కోత నుంచి పచ్చటి, మేత కలిసిన నీరు రావడం
- ఒక రోజంతా మేత, నెమరు లేకపోవడం, పళ్లు కొరకడం, మూలుగు, పొట్ట ఉబ్బరం
- దవడలు బిగుసుకుపోవడం, కాళ్లు కర్రల్లా బిగుసుకోవడం

పేగు బయటికి వస్తే లోపలికి నెట్టే ప్రయత్నం చేయొద్దు. ఉప్పువేసి కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లలో శుభ్రమైన పంచె తడిపి, పేగును అందులో పట్టి, పొట్టకు ఆనించి ఉంచండి. పశువును పడుకోనివ్వొద్దు. ఆరిపోకుండా గుడ్డను తడుపుతూ డాక్టరు కోసం ఆగండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల నంబరు 1962. ఫోనుకు డబ్బులు పడవు.

చీము పట్టినప్పుడు డాక్టరు కింది కుట్టు ఒకటి రెండు విప్పి చీము కారనిస్తారు. ‘వేసిన కుట్టు విప్పేశారేమిటి’ అనుకోవద్దు. లోపల చీము ఉండగా పైన మూసుకోవడమే చేటు.

కుట్లు విప్పాక

కుట్లు 10 నుంచి 14 రోజుల మధ్య విప్పుతారు. ఇంట్లో బ్లేడుతో కోయొద్దు. వాటిని మరిచిపోయి అలాగే వదిలేయడమూ తప్పే. దారం వెంట క్రిములు లోపలికి పోతాయి. నాట్లు, కోతల పనుల్లో తేదీ దాటిపోవడం మామూలే, అందుకే ముందే రాసిపెట్టుకోమన్నది.

విప్పాక మూడు నాలుగు రోజులు పొడిగా ఉంచి, ఆ తర్వాతే కడగాలి, చెరువుకు తోలాలి. పొట్టకు కోతపడిన ఎద్దును కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు నాగలికి, బండికి కట్టొద్దు. దుక్కి వెనకబడుతుందనుకుంటే పొరుగువారి ఎడ్లను బదులు తెచ్చుకోండి. లోపలి కుట్టు తెగితే మళ్లీ ఆపరేషన్ తప్పదు.

మీ జాగ్రత్త కూడా చూసుకోండి

ఈనిన పశువు మాయ, నీరు ముట్టుకుంటే బ్రూసెల్లా వంటి జబ్బులు మనుషులకు అంటుకోవచ్చు. చేతులకు తొడుగులు లేకపోతే రంధ్రం లేని ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. చేతికి గాయం ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. వాడిన గాజుగుడ్డలు, కట్లు కాల్చేయాలి. మాయను సున్నం వేసి లోతుగా పూడ్చాలి. కుక్కలకు వేయొద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

గోడకు అంటించుకోండి

- కింద పొడి, పైన నీడ
- కడిగిన చేతులతోనే కుట్లు ముట్టుకోవాలి
- డాక్టరు ఇచ్చిన మందు తప్ప ఇంకేమీ పూయొద్దు
- రోజుకు రెండుసార్లు వెలుతురులో చూడాలి
- చెరువు వద్దు, నాకనివ్వొద్దు
- సూదులు పూర్తిగా వేయించాలి, చెప్పినన్నాళ్లు పాలు వాడొద్దు
- కుట్లు విప్పే తేదీ: ............
- అనుమానం వస్తే 1962

పదిహేను రోజులు ఇంట్లో ఒక మనిషి ఈ పని మీద ఉంటే, వేలు పోసి చేయించిన ఆపరేషన్ వృథా కాదు. పాడి నిలుస్తుంది.